ఉబుంటు 22.04కు మారిన తరువాత కాటా ప్రోగ్రాం తెరుచుకోవడం లేదు: ‘లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్.ఎస్ఓ.1.1’ లేదంటోంది

ఆదోనికాటా (ప్రశ్న)

మిత్రులందరికీ నమస్కారం. నేను ఆదోనిలో ఒక పత్తి జిన్నింగ్ మిల్లులో లెక్కలు చూస్తాను. కంప్యూటర్ పని నా వృత్తి కాకపోయినా, మిల్లులో ఉన్న రెండు కంప్యూటర్ల బాగోగులు చాలాకాలంగా నా మీదే ఉన్నాయి. వాటిలో ఒకటి వేబ్రిడ్జి క్యాబిన్‌లో ఉంటుంది. లారీ గానీ ట్రాక్టర్ గానీ కాటా మీదికి ఎక్కగానే, ఇండికేటర్ చూపే బరువును సీరియల్ కేబుల్ ద్వారా చదివి, చీటీ ముద్రించి, దాని నకలును టౌనులో ఉన్న మా ఆఫీసు కంప్యూటర్‌కు పంపే ప్రోగ్రాం ఒకటి అందులో నడుస్తుంది. దానిని 2020లో ఒక చిన్న సంస్థ రాసి ఇచ్చింది. సోర్స్ కోడ్ మా వద్ద లేదు, ఆ సంస్థవారు ఇప్పుడు ఫోనుకు దొరకడం లేదు.

ఇన్నాళ్లూ ఆ కంప్యూటర్‌లో ఉబుంటు 20.04 (లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) ఉండేది. దానికి మామూలు మద్దతు 2025 మే నెలతో ముగిసిందని తెలిసి, పత్తి రాబడి పెరగకముందే పని పూర్తి చేయాలన్న తొందరలో పోయిన ఆదివారం 22.04కు మార్చాను. మార్పు చివరిలో ‘ఇక వాడుకలో లేని ప్యాకేజీలను తొలగించమంటారా’ అన్న ప్రశ్న వచ్చింది. డిస్కులో చోటు కలిసివస్తుందని ‘వై’ నొక్కాను. అన్నీ సజావుగానే ముగిశాయి అనుకున్నాను. కానీ కాటా ప్రోగ్రాంను తెరిస్తే కిటికీ కనిపించకుండానే పోతోంది. టెర్మినల్‌లో నడిపి చూస్తే ఈ వరుస వచ్చింది:

‘ఎర్రర్ వైల్ లోడింగ్ షేర్డ్ లైబ్రరీస్: లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్.ఎస్ఓ.1.1: కెనాట్ ఓపెన్ షేర్డ్ ఆబ్జెక్ట్ ఫైల్: నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ’

వెతికితే ఒకచోట, కొత్తగా వచ్చిన లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్.ఎస్ఓ.3 ఫైలుకు పాత పేరుతో సింబాలిక్ లింకు (ఒక ఫైలును మరో పేరుతో చూపే దారి) పెడితే చాలునని రాసి ఉంది. అలాగే చేశాను. లిబ్‌క్రిప్టోకు కూడా అదే విధంగా లింకు పెట్టాను. ఆ తరువాత మొదటి ఎర్రర్ పోయి, ‘వెర్షన్ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్_1_1_0 నాట్ ఫౌండ్’ అని మరొకటి మొదలైంది. ఫైలు ఉంది, పేరు సరిపోయింది, అయినా దొరకలేదని ఎందుకు అంటోందో నాకు అర్థం కాలేదు.

ఇది కాక, రోజు ముగిశాక చీటీలన్నింటినీ ఎక్సెల్ పట్టికగా తయారుచేసే పైథాన్ స్క్రిప్టు కూడా ‘మాడ్యూల్ నాట్ ఫౌండ్ ఎర్రర్: నో మాడ్యూల్ నేమ్డ్ ఓపెన్‌పైఎక్సెల్’ అంటోంది. ఆ మాడ్యూల్ స్క్రిప్టు పక్కన ఉన్న వెన్వ్ (స్క్రిప్టుకు కావలసిన మాడ్యూళ్లను విడిగా ఉంచే) ఫోల్డర్‌లో నా కళ్లెదుటే ఉంది.

ఎమ్మిగనూరు, ఆలూరు, కోసిగి వైపు నుంచి బండ్లు రావడం మొదలైంది. ప్రస్తుతం ఇండికేటర్ మీది అంకెను కంటితో చూసి, ఖాళీ బండి బరువు, నిండు బండి బరువు రెండూ కార్బన్ పుస్తకంలో చేత్తో రాస్తున్నాము. రైతు ఎదుట అంకె తప్పు పడితే ఎంత మాట వస్తుందో మీకు తెలుసు. మళ్లీ 20.04 వేసుకోవడమే దారా, లేక ఉన్నదానిలోనే సరిచేసుకునే మార్గం ఉందా, దయచేసి చెప్పగలరు.

దేవునికడప

ఆదోని మిత్రులకు నమస్కారం. నేను కడపలో ఒక కళాశాల కంప్యూటర్ ల్యాబు చూసుకుంటాను. ఇలాంటి మార్పులు వేసవి సెలవుల్లో ఏటా చేస్తుంటాను కనుక ఈ ఎర్రర్ నాకు బాగా పరిచయం. మీరు వెనక్కి వెళ్లవలసిన అవసరం లేదు. ముందుగా ఒక్క పని చేయండి: మీరు పెట్టిన రెండు సింబాలిక్ లింకులనూ తొలగించండి. ఆ తరువాత సుడోతో (అంటే నిర్వాహకుడి, రూట్ అధికారంతో), లైబ్రరీల జాబితాను తాజాపరిచే ఎల్‌డీకాన్ఫిగ్ ఒకసారి నడపండి. ఆ లింకులు ఉన్నంతకాలం మీకు వచ్చే ప్రతి ఎర్రరూ మిమ్మల్ని తప్పు దారి పట్టిస్తుంది.

లింకు ఎందుకు పనిచేయలేదో చెబుతాను, ఎందుకంటే అది అర్థమైతే మిగిలినదంతా తేలిక. ఫైలు పేరు చివర ఉన్న 1.1, 3 అన్న అంకెలు అలంకారానికి పెట్టినవి కావు. లైబ్రరీని పిలిచే పద్ధతి పాత ప్రోగ్రాములకు పొసగని విధంగా మారినప్పుడు ఆ అంకెను మారుస్తారు. మీ కాటా ప్రోగ్రాంను కంపైల్ చేసిన రోజునే ‘నాకు లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్.ఎస్ఓ.1.1 కావాలి’ అన్న మాట ఆ ఫైలులోనే రాసి ఉంచారు. అంతటితో ఆగలేదు. అది వాడుకునే ఒక్కొక్క ఫంక్షన్ పేరుకూ ‘ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్_1_1_0’ వంటి వెర్షన్ ముద్ర కూడా ఉంటుంది. కొత్త లైబ్రరీలో అవే ఫంక్షన్ల మీద ‘ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్_3.0.0’ అన్న ముద్ర ఉంటుంది. మీరు తలుపు మీది పేరుపలకను మార్చారు, కానీ లోడర్ (ప్రోగ్రాంకు కావలసిన లైబ్రరీలను వెతికి జతచేసేది) లోపలికి వెళ్లి ముద్రలు సరిచూసుకుని తిప్పి పంపింది. ఆ పరీక్ష ఉండడం మన మేలుకే. అది లేకుండా ప్రోగ్రాం తెరుచుకుని ఉంటే, నకలు పంపే సమయంలో ఎక్కడో మధ్యలో కూలిపోయేది, కారణం వెతకడం ఇంతకు పదింతలు కష్టమయ్యేది.

ఈ రెండు లైబ్రరీలూ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అన్న గుప్తీకరణ సాఫ్ట్‌వేర్‌లోనివి. 20.04తో వచ్చినది ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 1.1.1. 22.04లో ఉన్నది 3.0. పాత లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్1.1 ప్యాకేజీ 22.04 భాండాగారంలో లేనే లేదు, కనుక ప్యాకేజీలు వేసే ఏపీటీ కమాండుతో అడిగితే దొరకదు. మీరు ‘వై’ నొక్కిన ఆ ప్రశ్న దగ్గరే పాత లైబ్రరీ వెళ్లిపోయి ఉంటుంది. డీపీకేజీ లాగ్ ఫైలులో ఆదివారం నాటి ‘రిమూవ్’ వరుసలను గ్రెప్‌తో వెతికితే ఏమేమి పోయాయో పేరు పేరునా కనిపిస్తాయి. ఆ జాబితాను ఒక ఫైలులోకి తీసి పెట్టుకోండి, ముందుముందు పనికొస్తుంది.

ఇక అసలు పని. లోడర్ మొదట దొరకని లైబ్రరీ దగ్గరే ఆగిపోయి ఆ ఒక్క పేరునే చెబుతుంది. దాని వెనుక ఇంకెన్ని లోటులున్నాయో చెప్పదు. చాలామంది ఒకటి సరిచేసి, మరొకటి వచ్చిందని నిరుత్సాహపడి, సమస్య పెరిగిందనుకుంటారు. అందువల్ల మొదట ఎల్‌డీడీ కమాండుకు మీ ప్రోగ్రాం పేరునిచ్చి నడపండి. అది కావలసిన లైబ్రరీలన్నింటినీ వరుసగా చూపి, లేనివాటి ఎదుట ‘నాట్ ఫౌండ్’ అని రాస్తుంది. ఒక హెచ్చరిక: ఎక్కడి నుంచి వచ్చిందో తెలియని ఫైలు మీద ఎల్‌డీడీ వాడకూడదు, ఎందుకంటే కొన్ని సందర్భాల్లో అది ఆ ఫైలును నడిపిస్తుంది. అటువంటి చోట ఆబ్జ్‌డంప్ కమాండుకు -పీ ఇచ్చి, ‘నీడెడ్’ అన్న వరుసలను చదువుకోవడం క్షేమం. మీది ఇన్నేళ్లుగా నడుస్తున్న ప్రోగ్రామే కనుక ఎల్‌డీడీతో ఇబ్బంది లేదు.

‘నాట్ ఫౌండ్’ వరుసలను ఇక్కడ పెట్టండి. దానితో పాటు ‘ఫైల్’ కమాండు మీ ప్రోగ్రాంను 64 బిట్ అంటోందా, 32 బిట్ అంటోందా కూడా చెప్పండి. పాత లైబ్రరీని ఏ రూపంలో తెచ్చుకోవాలన్నది దానిమీదే ఆధారపడి ఉంటుంది.

పైథాన్ సంగతి వేరే దారి, కానీ మూలం ఒక్కటే. 20.04లో పైథాన్ 3.8 ఉండేది, 22.04లో 3.10 ఉంది. మీ వెన్వ్ ఫోల్డర్‌లోని పైథాన్ అన్నది నిజమైన పైథాన్ కాదు, సిస్టమ్ పైథాన్‌కు పెట్టిన లింకు మాత్రమే. మార్పు తరువాత ఆ లింకు 3.10 దగ్గరికి చేరుతోంది. 3.10 తన మాడ్యూళ్ల కోసం ‘పైథాన్3.10’ అన్న ఫోల్డర్‌లో వెతుకుతుంది. మీ ఓపెన్‌పైఎక్సెల్ ‘పైథాన్3.8’ ఫోల్డర్‌లోని సైట్-ప్యాకేజెస్‌లో కూర్చుని ఉంది. దయచేసి ఒక ఫోల్డర్ నుంచి మరొక ఫోల్డర్‌కు కాపీ చేయవద్దు. పూర్తిగా పైథాన్‌లోనే రాసిన మాడ్యూళ్లు అలా నడిచినా, నమ్‌పై వంటివాటిలో 3.8 కోసం కంపైల్ చేసిన ఫైళ్లు ఉంటాయి, వాటి పేరులోనే ‘సీపైథాన్-38’ అని ఉంటుంది, 3.10 వాటిని ముట్టుకోదు.

పాత వెన్వ్‌ను చెరపకుండా పేరు మార్చి పక్కన పెట్టండి. ఏ మాడ్యూళ్లు ఉండేవో జాబితా రాసుకుని ఉండకపోతే, పాత సైట్-ప్యాకేజెస్‌లో ‘డిస్ట్-ఇన్ఫో’తో ముగిసే ఫోల్డర్ల పేర్లను చూడండి. ప్రతి పేరులోనూ మాడ్యూల్, దాని వెర్షన్ రెండూ ఉంటాయి. పైథాన్3-వెన్వ్ ప్యాకేజీని ఏపీటీతో వేసుకుని, కొత్త వెన్వ్ చేసి, ఆ జాబితా ప్రకారం పిప్‌తో మళ్లీ వేసుకోండి. పావుగంట పని.

ఆదోనికాటా

కడప మిత్రులకు కృతజ్ఞతలు. లింకులు రెండూ తీసేశాను. పైథాన్ స్క్రిప్టు మీరు చెప్పిన విధంగానే బాగుపడింది. పాత ఫోల్డర్‌లో డిస్ట్-ఇన్ఫో పేర్లు నాలుగే ఉన్నాయి, నాలుగూ తిరిగి వేశాను, నిన్నటి పట్టిక వచ్చింది.

ఎల్‌డీడీ చూపిన జాబితాలో ముప్పైకి పైగా వరుసలు ఉన్నాయి. ‘నాట్ ఫౌండ్’ ఉన్నవి మూడు: లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్.ఎస్ఓ.1.1, లిబ్‌క్రిప్టో.ఎస్ఓ.1.1, లిబ్‌బూస్ట్_థ్రెడ్.ఎస్ఓ.1.71.0. మూడవదాని పేరు నేను ఇంతవరకూ వినలేదు. ‘ఫైల్’ కమాండు 64 బిట్ అంటోంది.

పెన్నాతీరం

కడపవారు చెప్పబోయే పరిష్కారానికి ముందు ఒక హెచ్చరిక చేయాలని రాస్తున్నాను. నేను అనంతపురంలో ఉంటాను. మూడేళ్ల కిందట, 22.04 ఉన్న నా ల్యాప్‌టాప్‌లో కంపైల్ చేసిన ఒక ప్రోగ్రాంను 20.04 ఉన్న ఆఫీసు కంప్యూటర్‌లో నడపబోతే ‘వెర్షన్ జీలిబ్‌సీ_2.34 నాట్ ఫౌండ్’ అని వచ్చింది. 20.04లో జీలిబ్‌సీ 2.31 ఉంటుంది, 22.04లో 2.35 ఉంటుంది. జీలిబ్‌సీ అంటే దాదాపు ప్రతి ప్రోగ్రామూ ఆధారపడే మూల లైబ్రరీ, దాని ముఖ్యమైన ఫైలే లిబ్‌సీ. లైబ్రరీయే కదా అని నా ల్యాప్‌టాప్‌లోని లిబ్‌సీ.ఎస్ఓ.6 ఫైలును తీసుకెళ్లి అక్కడి ఫైలు మీద కాపీ చేశాను. ఎంటర్ నొక్కిన మరుక్షణం నుంచి ఆ కంప్యూటర్‌లో ఏ కమాండూ పనిచేయలేదు. ఎల్ఎస్ రాదు, సీపీ రాదు, సుడో రాదు. కాపీ చేసిన ఫైలును వెనక్కి మార్చడానికి కూడా ఒక కమాండు కావాలి కదా, ఆ కమాండుకూ లిబ్‌సీయే ఆధారం. తెరిచి ఉన్న టెర్మినల్ ఎదుట చేతులు కట్టుకుని కూర్చున్న ఆ సాయంత్రం నాకు ఇంకా గుర్తుంది. చివరికి లైవ్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, డిస్కును మౌంట్ చేసి, 20.04 ప్యాకేజీలోని అసలు ఫైలును తిరిగి అక్కడ పెడితే గానీ కంప్యూటర్ లేవలేదు.

అందువల్ల ఆదోని మిత్రులకు నా మనవి ఏమంటే, ఏ లైబ్రరీ తెచ్చినా సిస్టమ్ ఫోల్డర్లలో పెట్టవద్దు. ముఖ్యంగా లిబ్‌సీని ఎవరు చెప్పినా తాకవద్దు. మీ విషయంలో దాని అవసరం కూడా రాదు. పాత జీలిబ్‌సీ మీద కంపైల్ అయిన ప్రోగ్రాం కొత్త జీలిబ్‌సీ మీద నడుస్తుంది, ఆ ప్రాజెక్టువారు ఈ మాటను ఎంతోకాలంగా నిలబెట్టుకుంటున్నారు. ఇబ్బంది వచ్చేది నాకు జరిగినట్లు తిరగబడిన దిశలోనే.

మొత్తం ప్రోగ్రాంను, మిగిలిన సిస్టమ్‌తో కలవకుండా విడిగా నడిచే ఉబుంటు 20.04 కంటైనర్‌లో పెట్టి నడపడం ఇంకా శుభ్రమైన పద్ధతి అని నా అభిప్రాయం. అయితే సీరియల్ పోర్టు, ప్రింటర్ రెండింటినీ కంటైనర్‌లోకి అందించాలి కనుక సీజను మధ్యలో మొదలుపెట్టవలసిన పని కాదని ఒప్పుకుంటాను.

దేవునికడప

అనంతపురం మిత్రులు చెప్పినది అక్షరాలా నిజం. నేను చెప్పబోయే పద్ధతిలో సిస్టమ్ ఫోల్డర్లలో ఒక్క ఫైలు కూడా పెట్టము.

బూస్ట్ గురించి ముందు రెండు మాటలు. అది సీ++ రచయితలు విరివిగా వాడే లైబ్రరీల సముదాయం. సీరియల్ పోర్టు నుంచి అంకెలు చదవడానికి దానిని వాడి ఉంటారు. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లా కాకుండా బూస్ట్ తన పూర్తి వెర్షన్‌నే ఫైలు పేరులో పెట్టుకుంటుంది. 20.04లో 1.71 ఉండేది, 22.04లో 1.74 ఉంది. కనుక ఉబుంటు వెర్షన్ మారిన ప్రతిసారీ ఇది తెగిపోవడం ఖాయం. ఇక్కడ కూడా 1.74కు లింకు పెట్టాలన్న ఆలోచన రానివ్వవద్దు. దీనికి ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌కు ఉన్నట్లు లోపలి ముద్రలు లేవు కాబట్టి లోడర్ అడ్డుకోకపోవచ్చు, ప్రోగ్రాం తెరుచుకోవచ్చు కూడా. కానీ లోపలి నిర్మాణం మారి ఉంటే బరువు చదివే చోట ఏమి జరుగుతుందో ఎవరూ హామీ ఇవ్వలేరు. తూకం యంత్రం విషయంలో తెరుచుకోకపోవడం కంటే తప్పు అంకె చూపడం ప్రమాదకరం.

ఉబుంటు అధికారిక ప్యాకేజీ భాండాగారంలో 20.04 విభాగానికి వెళ్లండి, దాని సంకేతనామం ఫోకల్. అక్కడ లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్1.1, లిబ్‌బూస్ట్-థ్రెడ్1.71.0 అన్న రెండు ప్యాకేజీలకూ ఏఎండీ64 రూపాన్ని దించుకోండి. ఇంటెల్ ప్రాసెసర్ ఉన్నా 64 బిట్ అయితే అదే పేరు, కంగారుపడవద్దు. లిబ్‌క్రిప్టో వేరుగా అక్కరలేదు, మొదటి ప్యాకేజీలోనే ఉంటుంది. దించుకున్న తరువాత పేజీలో ఇచ్చిన షా256 మొత్తాన్ని (ఫైలు మారలేదని తేల్చే అక్షరాంకెల వరుసను), మీ కంప్యూటర్‌లో షా256సమ్ కమాండు చూపేదానితో సరిపోల్చండి. లైబ్రరీల కోసం వేరే ఏ వెబ్‌సైటుకూ వెళ్లవద్దు.

ఇక్కడే జాగ్రత్త అవసరం. ఆ డెబ్ ఫైళ్లను రెండుసార్లు నొక్కి ఇన్‌స్టాల్ చేయవద్దు. డీపీకేజీ-డెబ్ కమాండుకు చిన్నక్షరం -ఎక్స్ ఇచ్చి, ఒక తాత్కాలిక ఫోల్డర్‌లోకి విప్పండి. విప్పిన ఫోల్డర్ లోపల యూజర్ లిబ్ కింద ఎక్స్86_64 పేరుతో ఉన్న ఫోల్డర్‌లో మనకు కావలసిన మూడు ఫైళ్లూ ఉంటాయి. కాటా ప్రోగ్రాం ఉన్న ఫోల్డర్‌లోనే ‘పాతలిబ్’ అని ఒక ఫోల్డర్ చేసి, ఆ మూడింటినీ అందులో పెట్టండి.

లోడర్‌కు ఆ చోటు చెప్పడానికి రెండు పద్ధతులున్నాయి. ఒకటి, ఎల్‌డీ_లైబ్రరీ_పాత్ అన్న వేరియబుల్‌లో పాతలిబ్ చిరునామా పెట్టి, ఆ తరువాత కాటాను నడిపే మూడు వరుసల స్క్రిప్టు రాయడం. రెండవది, ప్యాచ్‌ఎల్ఫ్ అన్న సాధనంతో ఆ చిరునామాను ప్రోగ్రాం ఫైలులోనే రాసేయడం. సోర్స్ లేని ప్రోగ్రాం ఫైలును మార్చడం నాకు ఇష్టం ఉండదు కనుక మొదటిదే చెబుతాను. అయితే ఆ వేరియబుల్‌ను స్క్రిప్టులో మాత్రమే పెట్టండి. టెర్మినల్ తెరిచిన ప్రతిసారీ చదివే బ్యాష్ఆర్‌సీ ఫైలులో పెడితే మీరు తెరిచే ప్రతి ప్రోగ్రామూ ముందుగా పాతలిబ్‌లో వెతకడం మొదలుపెడుతుంది, అనవసరమైన చిక్కులు వస్తాయి. స్క్రిప్టు రాశాక, కాటాను నడిపే వరుసలో కాటా పేరుకు ముందు ఎల్‌డీడీ చేర్చి ఒకసారి నడపండి. ‘నాట్ ఫౌండ్’ ఒక్కటీ ఉండకూడదు, పై మూడింటి ఎదుట పాతలిబ్ చిరునామా కనిపించాలి.

ఒక విషయం దాచకుండా చెప్పాలి. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 1.1.1కు ఆ ప్రాజెక్టు మద్దతు 2023 సెప్టెంబర్ 11తో ముగిసింది. మీరు విప్పి పెట్టిన ఫైళ్లకు ఇకపై భద్రతా సవరణలు వాటంతట అవి రావు. మీ ప్రోగ్రాం చీటీ నకలును ఇంటర్నెట్ మీదుగా ఆఫీసుకు పంపుతున్నది కనుక, ఫైర్‌వాల్‌లో ఆ ఒక్క చిరునామాకు తప్ప ఈ కంప్యూటర్ నుంచి బయటికి వెళ్లే దారులను మూసివేయండి. ఇది సీజను గట్టెక్కడానికి చేసుకున్న ఏర్పాటు మాత్రమే. వేసవిలో పని తగ్గాక ప్రోగ్రాంను కొత్తగా రాయించుకోవడం గురించి మీ యజమానితో తప్పక మాట్లాడండి, ఈసారి సోర్స్ కోడ్ ఇవ్వాలన్న షరతు కాగితం మీద పెట్టించండి.

తుంగభద్రతీరం

విండోస్ వాడేవారు కూడా ఇదే చర్చను వెతుక్కుంటూ వస్తారు కనుక కర్నూలు నుంచి నా వంతుగా కొంచెం చేరుస్తున్నాను. మా సర్వీసు షాపుకు వచ్చే కంప్యూటర్లలో ‘వీసీరన్‌టైమ్140.డీఎల్ఎల్ కనిపించడం లేదు’, ‘ఎంఎస్‌వీసీపీ140.డీఎల్ఎల్ కనిపించడం లేదు’ అన్న ఫిర్యాదులే ఎక్కువ. విండోస్ కొత్తగా వేసినప్పుడో, అకౌంట్స్ ప్రోగ్రాం వెర్షన్ మార్చినప్పుడో ఇవి బయటపడతాయి. ఆ డీఎల్ఎల్ (విండోస్ లైబ్రరీ ఫైలు) ఒక్కటే ఏదో సైటు నుంచి తెచ్చి సిస్టమ్32లో వేసుకుని వచ్చినవారిని చాలామందిని చూశాను, వాటిలో కొన్నింటిలో వైరస్ కూడా ఉంది. అవి విడివిడిగా తెచ్చుకోవలసిన ఫైళ్లు కావు. మైక్రోసాఫ్ట్ ఇచ్చే విజువల్ సీ++ రీడిస్ట్రిబ్యూటబుల్‌లో అన్నీ ఉంటాయి. 2015 నుంచి 2022 వరకు వచ్చిన వెర్షన్లకు కలిపి ఒకటే ప్యాకేజీ.

64 బిట్ విండోస్‌లో ఎక్స్64 వేశాము కదా, ఇంకా అదే ఎర్రర్ ఎందుకని అడుగుతారు. ప్రోగ్రాం 32 బిట్‌ది అయితే దానికి ఎక్స్86 ప్యాకేజీయే కావాలి. రెండూ వేసుకోవడం వల్ల నష్టం లేదు. పేర్లు కూడా తికమక పెడతాయి: 64 బిట్ ఫైళ్లు ఉండేది సిస్టమ్32 ఫోల్డర్‌లో, 32 బిట్ ఫైళ్లు ఉండేది సిస్‌వావ్64 ఫోల్డర్‌లో.

ఆదోనికాటా

అందరికీ నమస్కారం. నిన్న రాత్రి కూర్చుని కడప మిత్రులు చెప్పినట్లే చేశాను. షా256 సరిపోయింది, మూడు ఫైళ్లూ పాతలిబ్‌లో పెట్టాను, ఎల్‌డీడీలో ‘నాట్ ఫౌండ్’ ఒక్కటీ లేదు. సంతోషంగా స్క్రిప్టును నడిపితే మళ్లీ మొదటి ఎర్రరే వచ్చింది. ఎల్‌డీడీ అన్నీ ఉన్నాయంటుంది, ప్రోగ్రాం లేవంటుంది. గంటసేపు ఫైళ్ల పేర్లు అక్షరం అక్షరం సరిచూశాను. స్క్రిప్టులో చివరి వరుస ఇలా ఉంది: సుడో, ఆ తరువాత కాటా ప్రోగ్రాం పూర్తి చిరునామా. ఇదివరకు డెస్క్‌టాప్ మీది ఐకాన్‌లో సుడో ఉండేది కనుక నేనూ అలాగే రాశాను. సుడో లేకుండా నడిపితే ప్రోగ్రాం తెరుచుకుంటోంది గానీ బరువు చూపే చోట సున్నా తప్ప ఏమీ రావడం లేదు.

దేవునికడప

రెండు చిక్కులకూ మూలం ఆ సుడోయే. సుడో తన వెనుక వచ్చే ప్రోగ్రాంకు మన వేరియబుళ్లను చాలావరకు అందనివ్వదు, ఎల్‌డీ_లైబ్రరీ_పాత్‌ను తప్పకుండా ఆపేస్తుంది. ఎవరైనా నకిలీ లైబ్రరీ ఉన్న ఫోల్డర్ చూపించి రూట్ అధికారంతో దానిని నడిపించకుండా ఉండడానికి పెట్టిన కట్టడి అది. మీరు ఎల్‌డీడీని సుడో లేకుండా నడిపారు కనుక దానికి పాతలిబ్ కనిపించింది.

ఆ ఐకాన్‌లో సుడో ఎందుకు పెట్టారంటే, మామూలు యూజర్‌కు సీరియల్ పోర్టును చదివే అనుమతి లేదు. మీకు సున్నా కనిపించడానికి కూడా కారణం అదే. బరువు చదవడానికి రూట్ అధికారం అవసరం లేదు. క్యాబిన్‌లో వాడే యూజర్‌ను డయల్అవుట్ అన్న గ్రూపులో చేర్చండి. అందుకు యూజర్‌మాడ్ కమాండుకు -ఏజీ ఇచ్చి, గ్రూపు పేరు, యూజర్ పేరు రాస్తే చాలు. ఆ ‘ఏ’ అక్షరం మరిచిపోవద్దు, లేకపోతే ఆ యూజర్ మిగిలిన గ్రూపులన్నింటి నుంచీ తొలగిపోతాడు. తరువాత పూర్తిగా లాగ్అవుట్ అయి మళ్లీ లోపలికి రండి, అప్పుడే కొత్త గ్రూపు అమలులోకి వస్తుంది. స్క్రిప్టులోని సుడోను తీసివేయండి, ఐకాన్‌ను కాటా ఫైలుకు బదులు స్క్రిప్టుకు చూపించండి.

ఆదోనికాటా

పనిచేసింది. ఉదయం ఏడు గంటలకు పెద్దకడబూరు నుంచి వచ్చిన ట్రాక్టర్‌ను కాటా ఎక్కించి చూశాము. ఇండికేటర్ మీద ఉన్న అంకె, తెర మీద ఉన్న అంకె, చీటీ మీద ముద్రించిన అంకె మూడూ ఒకటే. నమ్మకం కోసం అదే బండిని మళ్లీ దించి ఎక్కించి రెండుసార్లు తూచాను. బండి తెచ్చిన రైతు కూడా ఓపికగా నిలబడి చూశాడు. ఆఫీసులో నకలు అందిందని ఫోను వచ్చింది. సాయంత్రం ఫైర్‌వాల్ పని కూడా పూర్తి చేశాను. ఆఫీసు చిరునామాకు తప్ప వేరే దేనికీ దారి లేదు, అప్‌డేట్లు వేసే రోజున మాత్రం చేత్తో తెరుస్తాను.

మూడు ఫైళ్ల పేర్లు, అవి ఏ ప్యాకేజీల నుంచి తీసినవి, ఏ తేదీన పెట్టాను, సుడో వాడకూడదన్న మాట, ఇవన్నీ ఒక కాగితం మీద రాసి క్యాబిన్ గోడకు, కార్బన్ పుస్తకం వేలాడే మేకు పక్కనే అంటించాను. రెండవ కంప్యూటర్‌లో ఇంకా 20.04 ఉంది. దానిని మార్చేముందు అందులోని ప్రతి ప్రోగ్రాం మీదా ఎల్‌డీడీ నడిపి, ఆ జాబితాలను పెన్‌డ్రైవ్‌లో దాచుకుని, ఆ తరువాతే మొదలుపెడతాను.